ఇంటి అప్పు: రెపోతో మారే రేటా, ఫిక్స్‌డ్ రేటా?

ప్రశ్న: మాది రాయగడ. కాగితం మిల్లులో ఉద్యోగం, వయసు 38. నాన్నగారి స్థలంలో ఇల్లు కట్టడానికి 25 లక్షలు, 20 ఏళ్ల గడువుకి అప్పు కావాలి. బ్యాంకు వాళ్లు రెపో రేటుకి (బ్యాంకులకి ఆర్బీఐ అప్పిచ్చే రేటు) ముడిపెట్టి 8 శాతం అంటున్నారు. ఒక హౌసింగ్ ఫైనాన్స్ ఏజెంటేమో 9.5 శాతం ఫిక్స్‌డ్, ఇక టెన్షనే ఉండదు అంటున్నాడు. విజయనగరంలో మా బావగారు 2021లో మారే రేటుకి తీసుకున్నారు. వాయిదా పెరగలేదు గానీ గడువు రిటైర్మెంట్ దాటిపోయిందని లబోదిబోమంటున్నారు. నన్ను ఫిక్స్‌డ్‌కే వెళ్లమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బావగారి బాధ నిజమే, కానీ తప్పంతా మారే రేటుది కాదండి. 4 శాతం దగ్గర ఉన్న రెపో రేటు 2022 మేలో పెరగడం మొదలై, ఏడాది తిరక్కుండానే 2023 ఫిబ్రవరికి 6.5కి చేరింది. 6.75 శాతానికి 25 లక్షలు తీసుకున్నవాళ్లకి నెల వాయిదా 19,009 రూపాయలు. రేటు 9.25 అయ్యేసరికి నెల వడ్డీయే దాదాపు అంత! చాలా చోట్ల వాయిదాని ముట్టుకోకుండా గడువు సాగదీశారు, దాంతో కట్టేవాళ్లకి ఏమీ తెలియలేదు, అసలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఈ గొడవలయ్యాకే 2023 ఆగస్టులో ఆర్బీఐ, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకుంటారో గడువు పెంచుకుంటారో అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని బ్యాంకులకి చెప్పింది. 2025లో ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో ఒక శాతం తగ్గింది కూడా. బావగారిని ఊరికే తిట్టుకోకుండా బ్యాంకుకి వెళ్లి, వాయిదా పెంచి గడువు తగ్గించమని రాసివ్వమనండి.

ఇక మీ సంగతి. నేనైతే బ్యాంకు అప్పే తీసుకోమంటాను, ఒక షరతు మీద. 8 శాతానికి మీ వాయిదా 20,911, ఆ ఫిక్స్‌డ్‌కి 23,303. ఏజెంటుకి నెలనెలా ఆ 23,303 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అదే మొత్తం బ్యాంకుకి కట్టండి. మారే రేటు ఇంటి అప్పుని వ్యక్తులు ముందుగా తీరిస్తే బ్యాంకు పెనాల్టీ వెయ్యకూడదు, కాబట్టి ఎక్కువ కట్టింది అసలులోకి పోతుంది (పోయిందో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి, కొన్ని చోట్ల విడిగా చెబితే గానీ చెయ్యరు). రేటు 8 దగ్గరే ఉంటే అప్పు 15 ఏళ్ల 9 నెలల్లో తీరిపోతుంది. పెరిగినా 9.5 దాటేదాకా మీ జేబుకి కొత్తగా తగిలేదేమీ లేదు.

ఏజెంటుని మాత్రం ఒక్కటి అడగండి, 20 ఏళ్లూ అదే రేటా అని. ఫిక్స్‌డ్ పేరుతో ఇచ్చేవాటిలో చాలావాటికి రెండేళ్లకో మూడేళ్లకో ఐదేళ్లకో రేటు తిరగరాసే షరతు ఉంటుంది. ఆయన తెలుగులో చెప్పిన మాట వేరు, మీరు సంతకం పెట్టే ఇంగ్లీషు కాగితం వేరు. అందులో ‘రీసెట్’ అన్న ముక్క ఎక్కడుందో, ముందుగా తీరిస్తే ఎంత కోత పెడతారో మిల్లులో ఎవరైనా అకౌంట్స్ తెలిసినవాళ్ల చేత చదివించుకోండి. పైగా రిటైల్ ఇంటి అప్పుల కొత్త మారే రేట్లని రెపోలాంటి బయటి రేటుకి ముడిపెట్టాలని, మూడు నెలలకి ఒకసారైనా సవరించాలని 2019 అక్టోబరు నుంచి ఉన్న నియమం బ్యాంకులకే. ఫైనాన్స్ కంపెనీకి అది వర్తించదు, రేపు అక్కడే మారే రేటులోకి వెళ్దామన్నా వాళ్ల సొంత లెక్కే.

నెలకి 21 వేలు కట్టడమే కష్టం, పిల్లల ఫీజులు పోతే చేతిలో ఏమీ మిగలదు అనేవాళ్లకి రేటు అర శాతం పెరిగినా నిద్రపట్టదు. మీ పరిస్థితి అదే అయితే ఫిక్స్‌డ్ కన్నా ముందు ఆలోచించాల్సింది అప్పు మొత్తం గురించి. 25 బదులు 20 లక్షలు తీసుకుని, పైఅంతస్తు తర్వాత వేసుకోండి.