వంద దాకా చెప్తాడు, 6 ఎక్కువో 8 ఎక్కువో చెప్పలేడు!

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు, యూకేజీ. వంద వరకు గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. కానీ 6 పెద్దదా, 8 పెద్దదా అంటే నా మొహం చూస్తాడు. పక్కింటి పాప అబాకస్‌లో అప్పుడే రెండో లెవెల్. వీణ్ని కూడా అబాకస్‌లో చేర్చాలా, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలుకు మార్చాలా? టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఫౌండేషన్ సంగతి ఇంకో పదేళ్ల తర్వాత మాట్లాడుకుందాం. ముందు గుప్పెడు చింతగింజలు బాబు ముందు పోసి లెక్కపెట్టమనండి. అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. ఆఖరి అంకె చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడంటే, వాడు వంద దాకా చెప్పేది పద్యం అప్పజెప్పినట్టే. ఈ వయసులో అది మామూలే. చిన్న పిల్లలకు చదువు, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో కూడా ఒకటో తరగతికి ముందు పిల్లల నుంచి ఆశించేది 10 వరకే. మీరు వంద దగ్గర కూర్చుని బెంగపడుతున్నారు.

పైగా మీ ప్రశ్నలోనే ఓ చిక్కుంది. కాగితం మీద 6, 8 ఒకే సైజులో ఉంటాయి కదా, వాడికి ఏది "పెద్దది"గా కనిపించాలి? రెండు గిన్నెల్లో గింజలు పోసి "దేంట్లో ఎక్కువున్నాయి?" అనండి. ఒక్కో గిన్నెలోంచి ఒక్కోటి తీసి రెండు వరసల్లో జతలు జతలుగా పక్కపక్కన పెట్టించండి. ఏ వరసలో మిగిలితే అది ఎక్కువ. "ఎన్ని ఎక్కువ?" అన్నది నెమ్మదిగా వస్తుంది.

అబాకస్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆ పూసల చట్రంలో ఒక్కో కడ్డీకి పై పూస ఒక్కటే, విలువ మాత్రం ఐదు. ఐదు గింజల్ని ఇంకా ఒక్కొక్కటిగా తాకి లెక్కపెట్టే పిల్లాడికి ఆ ఒక్క పూస ఐదెలా అవుతుంది? మాస్టారు చెప్పారు కాబట్టి అవుతుంది. వేళ్లు చకచకా కదులుతాయి, అమ్మానాన్నలు వీడియో తీసుకుంటారు. అలాంటి పిల్లలే నాలుగో తరగతిలో "రాముడి దగ్గర సీత కన్నా మూడు ఎక్కువున్నాయి" అన్న లెక్క దగ్గర ఆగిపోయి నా దగ్గరికొస్తారు. సరదాగా నేర్చుకుంటానంటే ఎనిమిదేళ్లప్పుడు చూడండి, నేను కాదనను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పక్కింటి పాప సంగతి బాబు ముందే అంటున్నారా? అంకెల్ని పోల్చడం రాకపోయినా, తనను ఎవరితో పోలుస్తున్నారో వాడికి బాగా తెలుస్తుంది. ఆ మాట ఇవాళే ఆపండి.

ఫీజు కట్టే డబ్బుతో పని లేదు. ఇడ్లీలు వడ్డించేటప్పుడు "నాన్నకు నాలుగు, నీకు రెండు, ఎవరికి ఎక్కువ?" అనండి. సాయంత్రం అష్టాచెమ్మా ఆడండి. పడిన పందెం ఎంతో అన్ని గళ్లు గింజను జరపాలి కదా, ఒక్కో గడికి ఒక్కో అంకె తప్పకుండా అతుకుతుంది. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతగింజల్ని ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గచ్చు మీద అరగదీయండి. ఆ పని బాబుకే ఇవ్వండి.