జాతర చాటింపు వేసినాక మేం ఊర్లో ఉండకూడదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం అండి. మావారి ఉద్యోగం రేణిగుంటలో, తిరుపతికొచ్చి పదేళ్ళు దాటిపోయింది. మా ఇంటి ఓనరు ఆంటీ మంచావిడే గానీ గంగమ్మ జాతర వస్తే చాలు "మీరు బయటోళ్ళు కదమ్మా, చాటింపు అయినాక రాత్రి ఈడ ఉండకూడదు, ఊరికెళ్ళి రండి" అంటారు. నేను 'ఏటి' అన్నా నవ్వుతారు. ఇంకెన్నాళ్ళకి ఈ ఊరోళ్ళం అవుతామండి? మా బాబు తొమ్మిదో తరగతి, కనీసం వాడైనా లోకలేనా?

జవాబు: ఆంటీ చెప్పింది అబద్ధమైతే కాదు చెల్లెమ్మా. మే నెలలో మంగళవారం అర్ధరాత్రి కైకాల కులం వాళ్ళు చాటింపు వేస్తారు, అప్పట్నించి జాతర అయ్యేదాకా ఊరోళ్ళు పొలిమేర దాటకూడదు, బయటోళ్ళు రాత్రి ఈడ ఉండకూడదు అని మా పెద్దోళ్ళూ చెప్పేవాళ్ళు. కానీ ఆ వారంలో బస్టాండు కాడికి పోయి చూడండి, కొండకొచ్చిన జనంతో లాడ్జీలు నిండే ఉంటాయి, ఎవురూ వాళ్ళని లేపి పంపించరు. మీరేమో అద్దె కట్టి పొయ్యి పెట్టుకోని పిల్లోడ్ని ఈడే బడికి పంపిస్తా ఉండారు, నన్నడిగితే పొలిమేర దాటకూడని వాళ్ళ లెక్కలోకి వస్తారు మీరు, ఆవిడకి కూడా అదే చెప్పండి, "ఊరికెట్ల పోయేది ఆంటీ, చాటింపు వేసేసినారు కదా" అని.

అయినా ఆ గంగమ్మే తిరుపతి పక్కనుండే అవిలాల ఊర్లో కైకాల వాళ్ళకి పసిబిడ్డగా దొరికి వాళ్ళింట్లో పెరిగిందని కథ. తిరుమల కొండ మీద చూస్తే 1843 నించి 1933 దాకా గుడి పెత్తనం హథీరాంజీ మఠం మహంతులది, ఉత్తరాది నించి వచ్చిన బావాజీల మఠం అది. తొంభై ఏళ్ళు బయటోళ్ళ పెత్తనమే!

బాబు సంగతికొస్తే అది ఈజీ. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకి, దానికి అర్హత పరీక్ష రాసేదాకా వరసగా నాలుగేళ్ళు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) పరిధిలో చదివుంటే చాలు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. తాతది ఏ జిల్లా అని ఎవురూ అడగరు. ఇంటర్‌కి మాత్రం చెన్నై పంపించకండి, ఆ వరస తెగిపోతాది. అట్లే మీ ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళం అడ్రస్సే ఉంటే ముందు మార్పించుకోండి. 2024 డిసెంబర్‌లో కొండ మీద మళ్ళీ తిరుపతి వాళ్ళకి లోకల్ దర్శనం మొదలుపెట్టినారు కదా, నెలలో మొదటి మంగళవారం, దానికి చూసేది ఆధారే, మీ యాస కాదు.

కష్టమంతా వీధిలోనే. 'ఏటి' అన్నందుకు నవ్వితే మీరూ వాళ్ళ 'యాడికి పోతాండావు' విని నవ్వండి, సరిపోతాది. కానీ "మీదే ఊరు, ఊర్లో ఏ వీధి, ఇంటిపేరేంది" అని వరసగా అడిగేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళకి కావాల్సింది ఊరు కాదు, కులం. వాళ్ళకి నూరేళ్ళున్నా మీరు బయటోళ్ళే, ఆ లెక్క మీరు తేల్చలేరు, ఊరి పేరు చెప్పి ఊరుకోండి.

ఈసారి జాతరకి బాబుని వేషం వేస్తావా అని అడగండి. జాతరలో రోజుకో వేషం వేసి మొక్కు తీర్చుకుంటారు. మొదట బైరాగి వేషం, ఒళ్ళంతా నామకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద) పూసుకోవాల. రెండోది బండ వేషం, ఆ రోజు బూతులు తిట్టినా ఎవురూ ఏమీ అనుకోరు కాబట్టి వాడు రెండోదానికే ముందు సరే అంటాడు. సామాను యాడ కొనాలో ఓనరు ఆంటీనే అడగండి.