అద్దె ఆపకండి, నోటీసు ఇవ్వండి

ప్రశ్న: మేము ఒక మొబైల్ హోమ్ పార్కులో, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టిన ఇళ్ల సముదాయంలో, ఉంటున్నాం. ఇల్లు మాదే, అది నిలిచిన స్థలానికి మాత్రం నెలనెలా అద్దె కడుతున్నాం. వాన గట్టిగా పడితే మా వరసలోని మురుగు మూత పొంగి ఇళ్ల మెట్ల దాకా వస్తోంది. వీధి దీపాలు సగం వెలగవు, రోడ్డంతా గుంతలు, క్లబ్‌హౌస్‌కు తాళం వేసే ఉంటుంది. ఎప్పుడడిగినా మేనేజరుగారు "కంపెనీకి చెప్పాను" అంటారు. అద్దె మాత్రం ఈసారి కూడా పెంచారు. అందరం కలిసి అద్దె ఆపేద్దామని ఇరుగుపొరుగువారు అంటున్నారు. ఆపవచ్చా? గట్టిగా నిలదీస్తే మమ్మల్ని ఖాళీ చేయించగలరా?
– ఒక పాఠకురాలు, శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: మీ కోపం న్యాయమైనదే, కానీ అద్దె మాత్రం ఆపకండి. గడువు దాటి అయిదు రోజులైనా అద్దె అందకపోతే, మూడు రోజుల్లో కట్టమని యాజమాన్యం రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. దానితోపాటే అరవై రోజుల్లో స్థలం ఖాళీ చేయమని మరో నోటీసు కూడా ఇవ్వవచ్చు. మామూలు అపార్ట్‌మెంటులో అద్దెకున్నవారు ఒకచోటు వదిలి మరోచోటికి పోతారు. మీ సంగతి వేరు. పేరుకు మొబైల్ హోమే అయినా, ఒకసారి నిలబెట్టాక దాన్ని కదిలించడానికి వేల డాలర్లు కావాలి. 1976 జూన్ 15న సమాఖ్య ప్రభుత్వ నిర్మాణ ప్రమాణాలు అమల్లోకి రాకముందు తయారైన ఇళ్లనైతే చాలా పార్కులు చేర్చుకోనే చేర్చుకోవు. స్థలం పోతే ఇల్లు కూడా పోయినట్టే. ఆవేశంలో ఆ అవకాశాన్ని మీ చేతులారా ఎదుటివారికి ఇవ్వకండి.

నిలదీసినందుకు ఖాళీ చేయించగలరా అన్నారు. మొబైల్ హోమ్ నివాసుల చట్టం (కాలిఫోర్నియా సివిల్ కోడ్ 798తో మొదలయ్యే సెక్షన్లు) ఏయే కారణాలతో ఖాళీ చేయించవచ్చో విడమరచి చెప్పింది. మరమ్మతు చేయమని అడగడం గాని, నివాసులంతా సంఘంగా ఏర్పడటం గాని ఆ కారణాల్లో లేవు. పైగా వేరే పనికి వాడుకోని సమయంలో క్లబ్‌హౌస్‌లో శాంతియుతంగా సమావేశం కావడం మీ హక్కు. కాబట్టి ఆ తాళం గురించి కూడా తప్పకుండా అడగండి.

ఇక అసలు విషయం. ఉమ్మడి సదుపాయాలను చక్కగా పనిచేసే స్థితిలో ఉంచడం యాజమాన్యం బాధ్యతేనని మీ అద్దె ఒప్పందంలోనే రాసి ఉండాలని 798.15 సెక్షన్ చెబుతోంది. ఒప్పందం తీసి ఒకసారి చూడండి. అనుకోకుండా ఏదైనా పాడైతే, ఆరోగ్యానికో భద్రతకో ముప్పున్నప్పుడు వీలైనంత త్వరగా, మిగతా సందర్భాల్లో ముప్పై రోజుల్లోగా బాగుచేయాలి. తప్పనిసరి పరిస్థితి ఉంటే తప్ప ఆ గడువు దాటకూడదు. మీ మేనేజరుగారు చెప్పే మాట ఆ తప్పనిసరి పరిస్థితి కిందికి రాదని నా అభిప్రాయం.

మురుగు విషయంలో ముందుగా ఒకటి తేల్చుకోండి. ఇంటి నుంచి వచ్చే గొట్టం స్థలంలోని మురుగు పైపుతో కలిసే చోటు వరకు మీ బాధ్యత, అక్కడి నుంచి పార్కుది. ఒక్క మీ ఇంట్లోనే నీరు వెనక్కి తన్నితే ప్లంబరును పిలవాల్సింది మీరే. కానీ వాన పడినప్పుడల్లా వరసలోని మూతే పొంగుతోందంటే లోపం పార్కు వేసిన పైపుల్లోనే ఉందనుకోవాలి. ఇలాంటి దానికి ముప్పై రోజులు ఎదురుచూడనక్కరలేదు. హెచ్‌సీడీ అని పిలిచే రాష్ట్ర గృహనిర్మాణ శాఖకు ఈ రోజే ఫిర్యాదు చేయండి. కొన్ని చోట్ల తనిఖీ అధికారం నగరానికో కౌంటీకో ఉంటుంది, అప్పుడు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో ఆ శాఖవారే చెబుతారు.

మిగిలిన వాటన్నిటికీ కాగితమే ఆధారం. నిర్వహణ లోపాలపై కోర్టుకు వెళ్లాలంటే, కనీసం ముప్పై రోజుల ముందు యాజమాన్యానికి సంతకంతో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తీరాలి. లోపమేమిటో, ఏం చేయమని కోరుతున్నారో అందులో స్పష్టంగా ఉండాలి. "మురుగు సమస్య ఉంది" అని రాస్తే సరిపోదు. ఫలానా తేదీ ఉదయం, ఫలానా రెండు స్పేసుల (ఇళ్లు నిలిచిన స్థలాల) మధ్యనున్న మూత నుంచి మురుగు పొంగి సాయంత్రం దాకా నిలిచిందని, అదే రోజు మేనేజరుకు తెలియజేశామని, ఆ పైపును తనిఖీ చేయించి బాగుచేయమని కోరుతున్నామని రాయండి. దీపస్తంభాలు ఏ స్పేసుల ఎదుట వెలగడం లేదో రాయండి. ఫొటోలు జతచేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు దాచుకోండి. ఒక్క నివాసి ఇచ్చిన నోటీసు అందరి తరఫునా చెల్లుతుంది కనుక, భయపడి సంతకం చేయనివారిని బలవంతపెట్టకండి.

అదే సమయంలో సమావేశం కోరుతూ మరో ఉత్తరం ఇవ్వండి. నిర్వహణ ప్రమాణాల గురించి మాట్లాడాలని నివాసులు రాతపూర్వకంగా కోరితే, యాజమాన్యం ముప్పై రోజుల్లోగా వారిని కలవాలి. చాలా తగవులు ఇక్కడే తెగుతాయి, తెగితే మంచిది కూడా. ఎందుకంటే ఉద్దేశపూర్వకంగా చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలితే ఒక్కో ఉల్లంఘనకు రెండు వేల డాలర్ల వరకు అదనంగా ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నా, ఓడినవారు గెలిచినవారి లాయరు ఖర్చులు భరించాలన్న నియమం ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. సొంతంగా లాయరును పెట్టుకోలేకపోతే, హెచ్‌సీడీయే 2020 జూలై నుంచి నడుపుతున్న నివాసుల రక్షణ కార్యక్రమానికి దరఖాస్తు చేయండి. తీవ్రమైన ఫిర్యాదులను ఎంపిక చేసి, లాభాపేక్ష లేని న్యాయసహాయ సంస్థలకు వారు అప్పగిస్తారు. దీనికోసం ఏటా స్పేసుకు పది డాలర్ల చొప్పున వసూలు చేస్తున్నారు, కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

అద్దె పెంపునకు తొంభై రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. మీ నగరానికి మొబైల్ హోమ్ అద్దెలపై సొంత ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) ఉంది. సదుపాయాలు తగ్గించి అద్దె పెంచారన్న అంశాన్ని, మీ స్థలానికి అది వర్తిస్తుందో లేదో తేల్చుకోవడానికి, నగర గృహనిర్మాణ విభాగం దృష్టికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా స్థలంలో ఉన్న పెద్ద చెట్టు కొమ్మ ఒకటి ఎండి ఇంటి కప్పు మీదికి వాలింది. వేర్లు డ్రైవ్‌వేను పగలగొట్టాయి. చెట్టు మీ స్థలంలో ఉంది కాబట్టి ఖర్చు మీదేనని మేనేజరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శాక్రమెంటో

జవాబు: పూర్తిగా నిజం కాదండి. చెట్టు వల్ల ప్రత్యేకమైన ప్రమాదం ఉందని మీరు రాతపూర్వకంగా తెలియజేస్తే, దాన్ని కొట్టించే బాధ్యత, ఖర్చు యాజమాన్యానివే. ఆకులు రాలుతున్నాయనో, చూడటానికి బాగోలేదనో అంటే మాత్రం కాదు. ప్రమాదమేమీ లేదని వారు వాదిస్తే, తనిఖీ చేయమని మీరే హెచ్‌సీడీని గాని స్థానిక అధికారులను గాని కోరవచ్చు. డ్రైవ్‌వే పార్కు వేసినదైతే, వేర్ల వల్ల పగిలినా బాగుచేయాల్సింది పార్కే. మీరు గాని మీకంటే ముందున్న యజమాని గాని వేయించినదైతే మీ ఖర్చే అవుతుంది. ఈ నియమం 2001 జనవరి 1 నుంచి కుదిరిన, పొడిగించిన లేదా పునరుద్ధరించిన ఒప్పందాలకు వర్తిస్తుంది కాబట్టి, ఉత్తరం రాసే ముందు మీ ఒప్పందం మీది తేదీ చూసుకోండి. ఆ డ్రైవ్‌వే ఎవరు వేయించారన్న ప్రశ్న కూడా అదే ఉత్తరంలో అడిగి, జవాబును రాతపూర్వకంగానే తీసుకోండి.