అమ్మకు మాత్రలా, న్యాయమా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. కౌలుకు శెనక్కాయ వేసి, బోరు ఎండిపోయి, అప్పులు మీద పడి నాన్న రెండేళ్ల కిందట ప్రాణం తీసుకున్నారు. ఆ పొద్దు కసురుకున్నానని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. నిద్ర లేదు. డాక్టరు మాత్రలు ఇచ్చి కౌన్సెలింగ్‌కు పంపితే, 'మనసు ప్రశాంతంగా ఉంచుకోండి' అన్నారట. అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుంటే ప్రశాంతత ఎక్కడిది? పరిహారం ఫైలు కదల్లేదు. నేను బెంగళూరులో పనిచేస్తున్నా. ఈ కౌన్సెలింగ్ దండగేనా?

జవాబు: దండగ కాదమ్మా, సగమే జరిగింది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి.

కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో నేనూ అందరికీ ఊపిరి మీద ధ్యాస పెట్టమనే చెప్పేదాన్ని. ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ అంతా విని, "పీల్చుకుంటాలే మేడమ్, తెల్లారి వడ్డీకిచ్చినాయప్ప వస్తే ఏం చెప్పల్ల?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి అప్పు నోట్ల సంగతి ముందు అడుగుతున్నా.

నోటు మీద సంతకం ఎవరిది? మీ నాన్నగారిదొక్కటే అయితే, ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే ఆ అప్పు వారసుల మీద పడుతుంది. అమ్మ కూలి డబ్బుల మీద కాదు. ప్రామిసరీ నోటు మీద దావా వేయటానికి మామూలుగా 3 ఏళ్ల గడువు. అందుకే 'కొత్త నోటు రాసియ్యి' అని ఒత్తిడి చేస్తారు. లాయరుకు చూపించకుండా అమ్మను వేలిముద్ర కూడా వేయనివ్వొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరు ఉచితం. అనంతపురం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి.

పరిహారానికి 2004లో జీవో 421 పెట్టిన పద్ధతి ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉండే కమిటీ విచారించాలి. పాసుపుస్తకం యజమాని పేరిట ఉండటంతో కౌలురైతు ఫైలు అక్కడే చిక్కుకుంటుంది. కౌలు కార్డు, ఎరువుల అంగడి రసీదులు ఉంటే వెతికి లాయరుకివ్వండి.

ఇక ఆ కసురుకున్న మాట. వాన రాకపోవటం, బోరు ఎండటం, బ్యాంకు కౌలుదారుకు అప్పు ఇవ్వకపోవటం, అన్నీ వచ్చి ఒక ఆడమనిషి నోటిమాట మీద పడ్డాయి. 'నీ తప్పు కాదు' అని మీరో నేనో వందసార్లు చెప్పినా ఆమెకు ఎక్కదు. అదే గతి పట్టిన ఇంకో ఆవిడ 'నేనూ ఆ పొద్దు తిట్టినా' అంటే ఎక్కుతుంది. మన జిల్లాలో అలాంటివాళ్లకు కరువా?

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఈ దారే పట్టారు. ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేసే అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అవ్వలు రోగం పేరు పెట్టరు. 'అతిగా ఆలోచించటం' అనే తమ ఊరి మాటే వాడతారు. మనం మనేద అంటామే, అలాగన్నమాట. వచ్చినవాళ్లను ఏ కష్టం ముందు తీర్చుకోవాలో అడిగి, దాన్ని తీర్చుకునే దారి వెతుకుతారు. తర్వాత అలా బెంచీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లంతా ఒకచోట చేరి సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. మనకు బెంచీ ఎందుకు, అరుగు చాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముగ్గురు నలుగురిని పిలవమనండి. ఆర్డీవో ఆఫీసుకు వాళ్లతో కలిసి వెళ్తే మాట వేరుగా ఉంటుంది.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అమ్మను నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే ఎవరితోనైనా తీయించేయండి. ఆదివారం ఊరికొచ్చినప్పుడు నోట్ల జిరాక్సులు తీసుకోండి.