విపత్తు సన్నద్ధతను పరిశీలించబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మీ తిరుపతి ఆసుపత్రి, అందులోని సిబ్బంది విపత్తులకు ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో పరిశీలించి నివేదిక ఇచ్చే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నర్సింగ్ సూపరింటెండెంటుగా పనిచేసినదాన్ని కనుక నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆసుపత్రి భద్రతా సూచికలో 151 అంశాలు ఉన్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కూడా 2016లో ఆసుపత్రుల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రెండూ దగ్గర పెట్టుకో. భవనం స్తంభాలు, గోడల సంగతి ఇంజనీర్లకు వదిలిపెట్టు. సిబ్బంది సన్నద్ధతను మాత్రం నువ్వే స్వయంగా చూడాలి, అదీ పగటిపూట కాదు. సూపరింటెండెంటు, ఆర్.ఎం.ఓ. (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), విభాగాధిపతులు అందరూ ఉండే ఉదయం పదకొండు గంటలకు ఏ ఆసుపత్రి అయినా సిద్ధంగానే కనిపిస్తుంది. ఆదివారం రాత్రి రెండు గంటలకు వెళ్లి, వార్డులో ఒంటరిగా ఉన్న స్టాఫ్ నర్సును, గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషిని, లిఫ్టు నడిపే అబ్బాయిని అడుగు. అత్యవసర ద్వారం తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? పొగ వస్తే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ నంబరు ఇప్పుడే కలిపి చూపించగలరా? తెలుసునన్న మాటను లెక్కలోకి తీసుకోకు; చేసి చూపించినదే రాసుకో. మంటలార్పే సిలిండరు వాడకం తెలుసని కాగితం మీద టిక్కు పెట్టినవారికే దాన్ని చేతికిస్తే పిన్ను ఎక్కడుందో తెలియకపోవచ్చు. కాంట్రాక్టు సిబ్బంది తరచూ మారుతుంటారు కాబట్టి, ఇంతకుముందు ఎప్పుడో ఇచ్చిన శిక్షణ ఈ రోజు డ్యూటీలో ఉన్న మనిషికి అందిందో లేదో విడిగా విచారించు.

ఆక్సిజన్ దగ్గర మరింత సమయం గడుపు. డి రకం పెద్ద సిలిండరులో సుమారు 7 వేల లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఒక్క రోగికైతే అది పదకొండున్నర గంటలకు పైగా వస్తుంది. అదే 20 మంది రోగులకైతే 35 నిమిషాల్లో అయిపోతుంది. ట్యాంకులో పీడనం పడిపోతే అలారం ఎక్కడ మోగుతుంది, దాన్ని వినేందుకు రాత్రిపూట అక్కడ మనిషి ఉంటాడా, నిల్వ సిలిండర్లకు మార్చడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నవి గడియారం పట్టుకుని చూడవలసిన విషయాలు. అగ్నిప్రమాదంలో వార్డు వాల్వు కట్టేయమని ఎవరు ఆదేశించాలో, ఆ వార్డులో ఆక్సిజన్ మీద ఉన్నవారికి చిన్న సిలిండర్లు ముందుగా ఎవరు అమర్చాలో కూడా అడుగు. జనరేటరు, మందుల గది కింది అంతస్తులో ఉంటే ఎర్ర సిరాతో రాయి. 2021 నవంబరు వానలకు మన ఊరి వీధులు ఎలా మునిగాయో, స్వర్ణముఖి ఎలా పొంగిందో, రాయలచెరువు కట్ట కింద ఉన్న ఊళ్లను ఎందుకు ఖాళీ చేయించారో నీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి రోజు సిబ్బందిలో ఎవరి ఇల్లు మునుగుతుంది, ఎవరికి దారి తెగుతుంది, ఎవరికి ఇంట్లో పసిబిడ్డ ఉంది అన్నవి సానుభూతితో అడిగి తెలుసుకో. రాలేనివారిని తప్పుపట్టడానికి కాదు, వచ్చేవారెందరో ముందుగా లెక్క తేల్చుకోవడానికి.

తిరుపతికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. యాత్రాస్థలంలో గాయపడినవారికి పక్కన బంధువులు ఉండకపోవచ్చు, తమిళమో కన్నడమో హిందీయో తప్ప మాట్లాడలేకపోవచ్చు, పేరు చెప్పే స్థితిలోనే ఉండకపోవచ్చు. పేరు తెలియని రోగికి చేతికి కట్టే నంబరు పట్టీ క్యాజువాల్టీలో సిద్ధంగా ఉందా, వెతుక్కుంటూ వచ్చే బంధువులకు సమాధానం చెప్పే చోటు వేరుగా ఉందా చూడు. నడవగలిగినవారు ఆటోల్లో ముందు వచ్చేసి మంచాలు నింపేస్తారు, కదలలేనివారు ఆ తర్వాత అంబులెన్సుల్లో వస్తారు. కనుక ద్వారం దగ్గరే నిలబడి శ్వాస నిమిషానికి 30 దాటిందా, గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి వచ్చిందా, చెప్పిన మాట విని చేయగలుగుతున్నారా చూసి, వెంటనే చికిత్స కావలసినవారికి ఎరుపు, కొంత ఆగగలవారికి పసుపు, స్వల్ప గాయాలవారికి ఆకుపచ్చ, చనిపోయినవారికి లేదా బతికే ఆశ లేనివారికి నలుపు పట్టీలు కట్టడం క్యాజువాల్టీ సిబ్బందికి చేతి అలవాటు కావాలి. నలుపు పట్టీ కట్టడానికి చెయ్యి వణుకుతుంది. ఆ నిర్ణయం చిన్న నర్సు మీద పడకుండా ఏ వైద్యుడు బాధ్యత తీసుకుంటాడో పేరుతో సహా రాయించు.

సిబ్బంది చేత జవాబులు రాయించే ప్రశ్నాపత్రాల మీద వారి పేర్లు అడగకు. పేరు రాయమంటే నిజం రాయరు. నివేదిక చివర సరిదిద్దవలసిన ప్రతి అంశానికి ఎదురుగా చేయవలసిన అధికారి హోదా, గడువు తేదీ వేయించు. ఆ తేదీ దాటిన వారంలో ముందస్తు కబురు లేకుండా రాత్రి డ్యూటీలోనే మళ్లీ వెళ్లి, అవే ప్రశ్నలు అడుగు.

ఆశీస్సులతో,
మీ అత్త