బాకీ కన్నా ఖాళీ చెక్కే ప్రమాదం

ప్రశ్న: ప్రైవేటు ఆస్పత్రిలో మా నాన్నకు స్టెంట్ వేశారు. బిల్లు 4.60 లక్షలైంది, 3.10 లక్షలు కట్టాం. మిగతాది కడితేనే పంపిస్తామంటే, అన్నయ్య సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చొచ్చాడు. రెండు నెలలుగా ఒకటే ఫోన్లు. కేసు పెడతారా? మా సిబిల్ స్కోరు దెబ్బతింటుందా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆస్పత్రి బాకీ సివిల్ వ్యవహారం. కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు పట్టుకెళ్లరు. ఆస్పత్రి మూడేళ్లలోపు దావా వేసుకోవచ్చు. సిబిల్‌కు వివరాలు పంపేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే; ఆస్పత్రులు కాదు. బిల్లు కోసం అప్పు తీసుకుని ఈఎంఐలు ఆపేస్తే మాత్రం స్కోరు పడిపోతుంది. బాకీ ఉందని రోగిని ఆపేయడమూ చట్టవిరుద్ధమే. ఆరోజే 100కి ఫోన్ చేసి ఉండాల్సింది.

అసలు చిక్కు ఆ చెక్కుతోనే. అంకె ఎవరు నింపినా, సంతకం మీ అన్నయ్యది కాబట్టి బాకీ ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుంది. కాదని చూపించుకోవాల్సింది ఆయనే. బౌన్సయితే, బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో ఆస్పత్రి నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో కట్టేస్తే కేసు ఉండదు. లేదంటే క్రిమినల్ కేసు: రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ పెడితే గండం గడిచినట్టు కాదు, దానికీ ఇదే కేసు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క.

అందుకే ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాయండి. చెక్కు నంబరు వేసి, అంకె వేయకుండా ఇచ్చామని చెప్పి, ఒక్కో ఖర్చూ విడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లు అడగండి. స్టెంట్‌కు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించింది. బిల్లులో వేసిన ధరను దానితో, స్టెంట్ స్టిక్కర్ మీది ధరతో పోల్చండి. వాపసిచ్చిన మందులు తగ్గించారో లేదో, డిశ్చార్జి రోజు గది అద్దె రెండుసార్లు పడిందేమో చూడండి. లెక్క తేలకముందే 'ఇంత బాకీ ఉన్నాం' అని రాసివ్వొద్దు, ఆ సంతకంతో మూడేళ్ల గడువు మళ్లీ మొదటికొస్తుంది.

బేరం కుదరకపోతే పర్మనెంట్ లోక్ అదాలత్‌కు వెళ్లండి. ఆస్పత్రి సేవలు దాని పరిధిలోనివే, కోర్టు ఫీజు లేదు. వాయిదాల ఒప్పందం అక్కడ రాయించుకుంటే కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. అందులో 'చెక్కు వాపసు' అన్న మాట తప్పక చేర్పించండి, చాలామంది మరచిపోయేది అదే.