సీటీ తెలిసిన రేడియోగ్రాఫర్‌కు ఎమ్మారైలో పీజీ కోర్సు అవసరమా?

సీటీలో నాలుగేళ్ళు పనిచేసిన రేడియోగ్రాఫర్‌కు ఎమ్మారై కోసం విడిగా పీజీ కోర్సు అవసరమా, లేక సీనియర్ల దగ్గర పనిచేస్తూ నేర్చుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. నేను రెండు దారుల్లోనూ నడిచినవాణ్ణి. మొదటి రెండేళ్ళు కన్సోల్ (యంత్రాన్ని నడిపే కంప్యూటర్) దగ్గర చూసి నేర్చుకున్నాను. తరువాత ఉద్యోగం వదలకుండానే పార్ట్‌టైమ్ పీజీ కోర్సు పూర్తి చేశాను. నా అనుభవంలో స్కాన్ చేయడానికి ఆ కోర్సు అక్కరలేదు. స్కాన్ ఎందుకు చెడిందో అర్థం చేసుకోవడానికీ, ఏ స్కాన్ చేయకూడదో గుర్తించడానికీ మాత్రం అది కావాలి.

ఆ రెండేళ్ళలో నా పనంతా యంత్రంలో దాచి ఉంచిన ప్రోటోకాల్‌ను (ఒక్కో పరీక్షకు ముందే పెట్టిన సెట్టింగులను) ఎంచుకోవడం, కాయిల్ (శరీరం నుంచి సిగ్నల్ అందుకునే యాంటెన్నా) అమర్చడం, బొమ్మ గరుకుగా వస్తే యావరేజెస్ (ఒకే కొలతను ఎన్నిసార్లు తీసి సగటు చేయాలనే సంఖ్య) పెంచడం. యావరేజెస్ రెట్టింపు చేస్తే సమయం రెట్టింపవుతుందనీ, సిగ్నల్‌కూ నాయిస్‌కూ (బొమ్మలోని గరుకుదనానికీ) ఉన్న నిష్పత్తి మాత్రం దాదాపు 1.4 రెట్లే పెరుగుతుందనీ నాకు అప్పట్లో తెలియదు. స్కాన్ పొడవు పెరిగేకొద్దీ నొప్పితో ఉన్న రోగి కదులుతాడు కనుక, బాగుచేయబోయిన బొమ్మను నేనే చెడగొట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. భుజం స్కాన్లలో మరో పొరపాటు చేసేవాణ్ణి. స్నాయుబంధంలోని తంతువులు ప్రధాన అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు, ఎకో టైమ్ (సిగ్నల్‌ను అందుకునే ముందు ఆగే వ్యవధి) తక్కువగా ఉన్న సీక్వెన్స్‌లలో (స్కాన్‌లోని ఒక్కో విడతలో) ఆ భాగం తెల్లగా మెరిసి, దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. దీన్ని మ్యాజిక్ యాంగిల్ అంటారు. ఎకో టైమ్ పెంచిన సీక్వెన్స్ ఒకటి జోడిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. ప్రోటోకాల్‌లో అది లేదు, నేను జోడించలేదు, రేడియాలజిస్ట్ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

భద్రత విషయంలో సీటీ నుంచి వచ్చినవారికి మరింత జాగ్రత్త కావాలి. సీటీలో ఎక్స్‌పోజర్ ఆగగానే ప్రమాదం ఆగిపోతుంది, అందుకే రోగికి ఏదైనా అయితే లోపలికి పరుగెత్తడం మనకు అలవాటు. ఎమ్మారైలో ఆ అలవాటే ముప్పు తెస్తుంది. ఆసుపత్రులలో ఎక్కువగా వాడే సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం దాదాపు 4 కెల్విన్ల చలిలో పనిచేస్తూ, స్కాన్ జరుగుతున్నా జరగకున్నా రాత్రింబవళ్ళు ఆన్‌లోనే ఉంటుంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ స్కానర్‌లోకి ఎగిరివెళ్ళి తగలడంతో ఆరేళ్ళ బాలుడు మరణించాడు. మా తరగతిలో భద్రతా పాఠం ఈ సంఘటనతోనే మొదలైంది.

ఎగిరే సిలిండర్ గురించి వింటే ఎవరికైనా భయం వేస్తుంది; ఇంప్లాంట్ (శరీరంలో అమర్చిన పరికరం) విషయం అంత తేలికగా బుర్రకెక్కదు. పరికరాలను ఎమ్మార్ సేఫ్ (ఎమ్మారైలో క్షేమం), ఎమ్మార్ కండిషనల్ (చెప్పిన షరతుల్లోనే క్షేమం), ఎమ్మార్ అన్‌సేఫ్ (ప్రమాదకరం) అని మూడు తరగతులుగా గుర్తిస్తారు. ఒకసారి ఒక రోగి చూపిన కార్డులో పరికరం 3 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) వద్ద కండిషనల్ అని ఉంది. మా యంత్రం 1.5 టెస్లాది. సగం బలమే కదా, ఇంకా క్షేమమే అనుకుని రోగిని సిద్ధం చేశాను. అదృష్టవశాత్తు మా ఫిజిసిస్ట్ ఆపారు. 1.5 టెస్లా వద్ద రేడియో తరంగాల పౌనఃపున్యం దాదాపు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లా వద్ద దాదాపు 128 మెగాహెర్ట్జ్. పౌనఃపున్యం మారితే శరీరంలో తరంగదైర్ఘ్యం మారుతుంది, దానితో ఇంప్లాంట్‌లోని పొడవైన తీగ వేడెక్కే తీరూ మారుతుంది. కనుక పెద్ద క్షేత్రంలో అనుమతి పొందిన పరికరం చిన్న క్షేత్రంలో కూడా క్షేమమని అనుకోవడానికి వీల్లేదు. ఆ రోజు ఆయన చెప్పినదాన్ని నేను ఆజ్ఞగా పాటించాను; దాని వెనుక ఉన్న కారణం కోర్సులో చేరాకగాని అర్థం కాలేదు.

ఇక కోర్సు ఎంపిక. సిలబస్‌లో ఫిజిక్స్ ఎంత లోతుగా ఉందనేదానికంటే, పర్యవేక్షణలో మీరు స్వయంగా ఎన్ని స్కాన్లు చేయాలి, మీ నైపుణ్యాన్ని ఎవరు పరీక్షించి సంతకం చేస్తారు అన్నవి ముందు అడగండి. కె-స్పేస్ (బొమ్మగా మార్చకముందు సిగ్నల్‌ను నింపే పట్టిక) పేరు విని బెదరకండి; లెక్కలు రాకున్నా, దాని మధ్యభాగం కాంట్రాస్ట్‌నూ (తెలుపు నలుపుల తేడానూ) అంచులు సూక్ష్మ వివరాలనూ మోస్తాయని అర్థమైతే రోజువారీ పనికి చాలావరకు సరిపోతుంది. గాడోలినియం (బొమ్మలో తేడాలు తేలేలా రక్తంలోకి ఎక్కించే మందు) వాడకం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్తలు సిలబస్‌లో ఉన్నాయో లేదో మాత్రం తప్పక చూడండి. గుండె స్కాన్లకు చాలాచోట్ల విడిగా శిక్షణ కావాల్సి వస్తుంది. మొదటి ఏడాదే దాని జోలికి వెళ్ళవద్దు.

మీకు రోజూ స్కానర్ అందుబాటులో లేకపోతే ఇప్పుడే చేరవద్దని నా సలహా. మా బ్యాచ్‌లో అలా చేరినవారు పరీక్షలు బాగానే రాశారు గాని, ప్రాక్టికల్ రికార్డు నింపడానికి స్కాన్లు దొరకక ఏడాది ఆలస్యమయ్యారు. ముందుగా మీ విభాగంలో ఎమ్మారైకి బదిలీ అడగండి. ఆరు నెలలు కన్సోల్ దగ్గర గడిపి, మీకు జవాబు దొరకని ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, వాటితో తరగతికి వెళ్ళండి.